టెక్ సందేహాలు: రీల్‌లో కనబడిన ఆ కాలువ ఏ దేశానిది?

ఈసారి ఉత్తరాలు చాలావరకు విదేశీ ప్రయాణాల మీదే. అందులోనూ వియత్నాం పేరు పదేపదే కనబడింది. కొబ్బరితోటలు, కాలువలు, చేపల చెరువుల మధ్య పెరిగినవాళ్లకి ఆ దేశపు దక్షిణాన ఉన్న మెకాంగ్ నది డెల్టా మీద మనసు పోవడం సహజమే. కాబట్టి జవాబులన్నీ ఆ దారినే పెట్టుకుని చెబుతున్నాను.

రెండు వైపులా చెట్లు, మధ్యలో సన్నటి పాయ, చిన్న పడవ. అచ్చం మా లంకల్లాగే ఉంది. రీల్ కింద ఒకరు కేరళ అంటారు, ఇంకొకరు థాయ్‌లాండ్ అంటారు. ఆ చోటేదో తేల్చుకునే దారి ఉందా? – రాజోలు పాఠకురాలు

ఉందండి. రీల్‌ని ఆపి బోర్డు గానీ, పడవ గానీ, ఇంటి కప్పు గానీ స్పష్టంగా ఉన్నచోట స్క్రీన్‌షాట్ తీయండి. ఒకటి చాలదు, మూడు నాలుగు తీయండి. గూగుల్ ఫొటోస్‌లో ఒక్కోటి తెరిచి లెన్స్ గుర్తు నొక్కితే పోలికలున్న ఫొటోలు వస్తాయి. చాలామందికి ఇక్కడే దెబ్బతగులుతుంది. నీళ్లు, మట్టలు నిండిన బొమ్మ మొత్తం ఇస్తే లెన్స్ కేరళనీ, కోనసీమనీ, మెకాంగ్‌నీ ఒకే గాటన కట్టేస్తుంది. వెతికే చట్రాన్ని మూలల దగ్గర పట్టుకుని లోపలికి జరిపి, బోర్డు మీది అక్షరాలో పడవ ముందుభాగమో మాత్రమే మిగిలేలా చేయండి. అక్షరాలు ఇంగ్లిష్‌లా ఉండి, వాటి పైనా కిందా గీతలు, చుక్కలు, టోపీలు కనబడితే అది వియత్నామీస్. థాయ్, మలయాళం లిపులు చూడగానే వేరుగా తెలిసిపోతాయి.

బోర్డు లేకపోతే చెట్టును చూడండి. మెకాంగ్ పాయల అంచున గుబురుగా పెరిగేది చాలాచోట్ల కొబ్బరి కాదు, నీప జాతి తాటి. దాని మాను బురదలోనే ఉండిపోతుంది, మట్టలు నీళ్లలోంచి లేచినట్టు కనబడతాయి. అలాంటి మట్టలూ, పడవ నడిపేవాళ్ల తలమీద కోసుగా ఉండే ఆకు టోపీలూ రెండూ ఉంటే, ముందుగా మెకాంగ్ డెల్టాలోని 'మీ థో' (My Tho) అనే పట్నం దగ్గరి థొయ్ సన్ లంకతో పోల్చి చూడండి. హోచిమిన్ సిటీకి సుమారు 70 కిలోమీటర్లు. పర్యాటకుల పడవలు ఎక్కువగా తిరిగేది అక్కడే.

పేరు దొరికాక మ్యాప్స్‌లో ఆ చోటు తెరిచి, ఫొటోల్లో లేటెస్ట్, రివ్యూల్లో న్యూయెస్ట్ ఎంచుకోండి. పైన మొదట కనబడేవి ఏళ్లనాటివి కావచ్చు. రీల్‌లో నిండుగా ఉన్న పాయ మీరు వెళ్లేసరికి బురదగుంటలా ఉండటానికీ కారణం ఉంది. అక్కడా సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, పాటు వేళ సన్న పాయల్లో నీరు తీసి బురద బయటపడుతుంది. పోటు ఎన్నిగంటలకో ముందురోజే పడవవాళ్లను అడగండి. ఇది మీకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు గానీ, రీల్ చూసి వెళ్లేవాళ్లు దీన్నే మరిచిపోతారు. నచ్చిన ప్రతి చోటునూ సేవ్ నొక్కి కొత్త లిస్ట్‌లో వేసి, ఆ లిస్ట్ లింకు ఇంట్లోవాళ్లకి పంపండి. వాళ్లూ చేర్చే వీలిస్తే నలుగురి కోరికలూ ఒకే మ్యాప్ మీదకొస్తాయి. ఏది దూరమో, ఏది దగ్గరో తగవు లేకుండా తేలిపోతుంది.

మెకాంగ్ డెల్టాలోని బెన్ త్రేలో కాలువ ఒడ్డున హోమ్‌స్టే నచ్చింది. బుకింగ్ యాప్‌లో ఒక జిల్లా, మ్యాప్స్‌లో వేరే జిల్లా చూపిస్తోంది. మోసమేమోనని భయంగా ఉంది. – అమలాపురం పాఠకుడు

అడ్రసు తేడా ఒక్కటే చూసి మోసమనుకోకండి. 2025 జులై 1 నుంచి వియత్నాం తన 63 రాష్ట్రాల స్థాయి ప్రాంతాలను 34కి కుదించింది, మధ్యలో ఉండే జిల్లా అంచెను తీసేసింది. బెన్ త్రే ఇప్పుడు విన్ లాంగ్‌లో భాగం. 'మీ థో' పట్నం ఉన్న తియెన్ జాంగ్, డాంగ్ థాప్‌లో కలిసింది. కొందరు యజమానులు పాత అడ్రసే ఉంచేశారు, కొందరు మార్చారు. అందుకని అడ్రసును నమ్ముకోవద్దు, మ్యాప్ మీద చోటును చూపే పిన్ గుర్తును నమ్ముకోండి. బుక్ చేసిన వెంటనే యజమానికి మెసేజ్ పెట్టి, గుమ్మం ముందు నిలబడి లొకేషన్ పంపమనండి. ఆ పిన్‌ను మ్యాప్స్‌లో తెరిచి శాటిలైట్ బొమ్మలోకి మార్చి, దారి ఇంటిదాకా ఉందా, కాలువ అవతల ఆగిపోయిందా చూడండి. కాలువల ఊళ్లలో పిన్ అవతలి గట్టు మీద పడటం మామూలే. రెండు గట్ల మధ్య వంతెన మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే రాత్రిపూట సామానుతో చాలా ఇబ్బంది. అక్కడివాళ్లు వాట్సాప్ కన్నా జాలో యాప్ ఎక్కువ వాడతారు, జవాబు త్వరగా రావాలంటే అదీ వేసుకోండి.

ఇక డబ్బు సంగతి. వెతుకులాటలో కనబడే ధర ఒకటి, చివరి పేజీలో పన్నులు, సర్వీసు చార్జీలు కలిపాక ఉండేది ఇంకొకటి. పోలిక ఎప్పుడూ చివరి పేజీల మధ్యే చేయండి. ఉచిత రద్దు గడువు సాధారణంగా బస ఉన్నచోటి గడియారం ప్రకారం ఉంటుంది. వియత్నాం మనకంటే గంటన్నర ముందు. అక్కడ రాత్రి 11:59 అంటే మనకి 10:29. అర్ధరాత్రి దాకా సమయముందని కూర్చుంటే మొదటి రాత్రి అద్దె పోయినట్టే.

ఒక్క విషయంలో మాత్రం నిజంగా భయపడాలి. బుకింగ్ యాప్ చాట్‌లోనే, యజమాని పేరుతోనే, 'మీ కార్డు ధ్రువీకరించండి, లేకపోతే బుకింగ్ రద్దవుతుంది' అని లింకు రావచ్చు. హోటల్ వాళ్ల పాస్‌వర్డ్ దొంగిలించినవాళ్లు అసలు చాట్‌లోంచే రాస్తారు కనుక నమ్మేలా ఉంటుంది. లింకు నొక్కకండి. యాప్‌లోని మీ బుకింగ్ పేజీ తెరిచి చూడండి, అక్కడ బాకీ కనబడకపోతే కట్టాల్సిందేమీ లేదు.

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఉన్న పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. ఈ-వీసా, టికెట్ ఎలా నింపాలి? – పాలకొల్లు పాఠకుడు

మన ప్రాంతంలో ఇది చాలామందికి ఉన్న చిక్కే. ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో యంత్రం చదివే అక్షరాలు ఉంటాయి. మొదటి వరుసలో దేశం కోడ్ తర్వాత ఇంటిపేరు, రెండు కోణపు గుర్తులు, ఆపైన సొంత పేరు ఉండాలి. మీ పాస్‌పోర్టులో కోడ్ తర్వాత నేరుగా సొంత పేరే మొదలవుతుంది. వీసా పత్రంలో ఏం రాసినా ఆ వరుసకు, పై గడులకు భిన్నంగా ఉండకూడదు. లేని ఇంటిపేరు ఆధార్ చూసి చేర్చొద్దు. టికెట్ దగ్గర ఒక్కో విమాన సంస్థది ఒక్కో పద్ధతి: ఒకరు అదే పేరును రెండు గడుల్లో రాయమంటారు, ఇంకొకరు వేరే అక్షరాలు పెట్టమంటారు. కొనకముందే వాళ్లనడిగి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. కొన్న తర్వాత పేరు దిద్దాలంటే ఖర్చు, కొన్నిసార్లు కొత్త టికెట్టే.

ఇంటిపేరును విడిగా చేర్చి పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించుకోవడమే శాశ్వత పరిష్కారం. సమయముంటే తప్పకుండా చేయండి. పాస్‌పోర్టులో పేరు మొత్తం ఒకే మాటగా ఉండి విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను ఆపే నిబంధనను యూఏఈ 2022 నవంబరులో తెచ్చింది. రేపు మీ ప్రయాణం దుబాయ్‌కే కావచ్చు.

వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లకు 50. తిరస్కరించినా డబ్బు తిరిగి రాదు. గూగుల్‌లో మొదట వచ్చేవి తరచూ ప్రకటనలు. అవి అదే ఫారం నింపి అనేక రెట్లు తీసుకుంటాయి. వెబ్ అడ్రసు 'డాట్ గవ్ డాట్ వీఎన్'తో ముగిసిందో లేదో చూశాకే వివరాలివ్వండి. పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారు కావడం, కళ్లద్దాలతో తీసిన ఫొటో పెట్టడం, ప్రవేశ తేదీని విమానం దిగే రోజు కన్నా తర్వాతది వేయడం, ఇవే ఎక్కువగా జరిగే పొరపాట్లు. రాత్రి బయల్దేరి తెల్లవారి దిగేవాళ్లు దిగే తేదీ చూసుకోవాలి. అచ్చు ప్రతి ఒకటి చేతిలో ఉంచుకోండి.

భీమవరం నుంచి చవగ్గా వెళ్లాలంటే ఏ ఊరి విమానం వెతకాలి?

ఒక్క ఊరుతో వెతక్కండి. గూగుల్ ఫ్లైట్స్‌లో బయల్దేరే గడి తెరిచి ప్లస్ గుర్తుతో హైదరాబాద్, విశాఖ, విజయవాడ, చెన్నై నాలుగూ కలపండి. తర్వాత డేట్ గ్రిడ్ తెరిస్తే ఏ రోజు వెళ్లి ఏ రోజు వస్తే ఎంతో పట్టికలో కనబడుతుంది. ట్రాక్ ప్రైసెస్ ఆన్ చేస్తే తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. చూపిన ధరకు మీ రైలు చార్జీ కలపండి. చెన్నైకి సర్కార్ ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్‌కి నర్సాపురం రైలు ఉన్నాయి గానీ, రైలు ఆలస్యానికి విమానం ఆగదు. కనీసం ఆరేడు గంటల తేడా ఉంచండి. రెండు వేర్వేరు టికెట్లు కలిపి చవకగా చూపిస్తే వద్దనే చెబుతాను. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే దానికి పూచీ ఎవరిదీ కాదు. పైగా మధ్యలో సామాను బయటికి తీసుకోవాలంటే ఆ దేశపు వీసా కూడా అడగొచ్చు.

సంక్రాంతికి వెళ్లి నెలాఖరుదాకా ఉందామనుకునేవాళ్లు ఒకటి గమనించండి. వియత్నాం కొత్త సంవత్సరం టెట్, జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది. ఆ వారం బస్సులు నిండిపోతాయి, చాలా కొట్లు మూసేస్తారు.

ఏఐ చాట్‌తో అయిదు రోజుల ప్లాన్ వేయించాను. నమ్మొచ్చా?

క్రమం వరకు పనికొస్తుంది. వేళలు, దారులు మీరు సరిచూడాలి. హోచిమిన్ సిటీ నుంచి డెల్టాలోని కాన్ థో నగరానికి రైలెక్కమని రాసిందా? అయితే మళ్లీ అడగండి. మెకాంగ్ డెల్టాలో ఇప్పుడు రైలు లైనే లేదు. బస్సులో మూడు నాలుగు గంటలు. కాన్ థోలో పడవల మీద జరిగే కాయ్ రాంగ్ నీటి సంతకు పది గంటలకు వెళ్లమంటే అదీ తప్పే. తెల్లవారుజామున అయిదింటికి పడవలో ఉండాలి.

అక్కడ నెట్ లేకపోతే? – నర్సాపురం పాఠకురాలు

ముందు ఫోన్‌లో *#06# కొట్టండి. ఈఐడీ అనే నంబరు కనబడితే ఈ-సిమ్ (విడిగా కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) పనిచేస్తుంది. డేటా దానికి, ఓటీపీల కోసం మన సిమ్‌కు రోమింగ్ ఆన్, కానీ దాని డేటా రోమింగ్ ఆఫ్. అక్కడ ట్యాక్సీ పిలవడానికి వాడే గ్రాబ్ యాప్ ఇక్కడే వేసుకుని మన నంబరుతో ఓటీపీ పూర్తి చేసుకోండి. బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ వాడకం కూడా ఇక్కడే ఆన్ చేయాలి. షాపులో మిషన్ రూపాయలా, డాంగ్‌లా (వియత్నాం డబ్బు) అని అడిగితే డాంగ్‌లే ఎంచుకోండి. రూపాయలంటే మారకం రేటు వాళ్లిష్టం.

గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లో మీరు తిరిగే ప్రాంతం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ నెట్ లేనప్పుడు అది వాహనం దారే చెబుతుంది, నడకదారి చెప్పదు. నడకకు ఆర్గానిక్ మ్యాప్స్ వేసుకోండి. ట్రాన్స్‌లేట్‌లో వియత్నామీస్, తెలుగు రెండూ డౌన్‌లోడ్ చేయండి. ఇవన్నీ వేశాక ఒకరోజు నర్సాపురం మ్యాప్‌నూ దించుకుని, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంటి నుంచి రేవుదాకా నడిచి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అది ముందు సరిచేసుకోండి.