పెళ్లిచూపుల కోసం తెల్లబడే క్రీము

ప్రశ్న: మా అమ్మాయికి 22. పెళ్లిచూపులని మందుల షాపులో ఇచ్చిన క్రీము ఐదు నెలలు రాసింది. మొదట ముఖం తేటపడింది. ఇప్పుడు మానేస్తే ఎర్రబడి మండుతోంది. మళ్లీ రాయమంటారా?

జవాబు: వద్దు. ముందు ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్... ఏదున్నా అది స్టెరాయిడే. రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి తొలి వారాల్లో నిగారింపు కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, బుగ్గల మీద దారాల్లాంటి ఎర్ర నాళాలు తేలతాయి. మొటిమలు, నూగు కూడా. మానగానే కుదించుకున్న నాళాలు విచ్చుకుంటాయి, ఆ మంట అదే. భయపడి మళ్లీ రాసేవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు.

ట్యూబు తీసుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఒక్కసారిగా ఆపాలో, తక్కువ ఘాటు మందుకు మార్చి తగ్గించాలో వాళ్లే చెబుతారు. ఈలోగా బ్లీచ్, ఫేషియల్, ఆవిరి, నిమ్మరసం, సున్నిపిండి రుద్దడం ఆపేయాలి. వాసన లేని మాయిశ్చరైజర్ రెండుపూటలా చాలు. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్: చూపుడువేలు, మధ్యవేలు పొడవునా చెరో గీత, ముఖానికీ మెడకీ కలిపి. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. పెళ్లిచూపులు దగ్గరపడితే వాటినే వాయిదా వేయండి, చికిత్సను కాదు.