కడిగితే బూజు పోతుంది... మరి దాని విషం?

ప్రశ్న: ఇంట్లో ఉన్న ఆపిల్స్‌లో కొన్నింటికి బూజు పట్టింది. అన్నింటినీ పళ్లు కడిగే ద్రావణంలో పావుగంట నానబెట్టి, పాడైన చోట కోసేసి, జ్యూస్ తీసి మా నాలుగేళ్ల పాపకు ఇచ్చాను. బూజులో విషం ఉంటుందని తర్వాత తెలిసి టెన్షన్‌గా ఉంది. ఇలా కడిగితే ఆ విషం పోతుందా?

జవాబు: ముందు పాప సంగతి. వాంతులు, కడుపునొప్పి లేకుండా ఎప్పటిలా ఆడుకుంటుంటే ఒక్కసారి తాగిన జ్యూస్‌కి కంగారు పడొద్దు, పరీక్షలూ అక్కర్లేదు. వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ఆపిల్స్‌ని కుళ్లబెట్టే నీలిరంగు బూజు సాధారణంగా పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ అనే ఫంగస్. ఇది ప్యాట్యులిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. (1943-44లో బ్రిటన్‌లో దీన్నే జలుబుకి మందుగా ప్రయత్నించి చూశారు. పనిచేయలేదు లెండి!) మీరు వాడినట్టు పళ్లు కడిగే ద్రావణం తొక్క మీది బూజు బీజాలను చంపుతుంది. అంటే కొత్తగా బూజు పట్టకుండా కొంత అడ్డుకుంటుంది. కానీ అప్పటికే తయారైన విషం గుజ్జులో ఉంటుంది, ద్రావణం అంత లోపలికి పోదు. మీ విషయంలో మేలు చేసింది నానబెట్టడం కన్నా పాడైన చోట కోసేయడమే. మెత్తబడిన భాగంలోనే విషం ఎక్కువ. అయితే చుట్టూ బాగానే కనిపించే గుజ్జులోకీ ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా పాకొచ్చు.

జ్యూస్ ఫ్యాక్టరీల్లో పళ్లు కడగడానికి క్లోరిన్, ఓజోన్, పెరాసిటిక్ యాసిడ్ లాంటి క్రిమిసంహారకాలు వాడతారు. అయినా అక్కడ ప్యాట్యులిన్‌ని బాగా తగ్గించేవి కుళ్లిన పళ్లను ఏరేయడం, గట్టి నీటి ధారతో మెత్తటి భాగాన్ని ఊడగొట్టడం. నీళ్లు మార్చకపోతే మాత్రం మురికి క్లోరిన్‌ని తినేస్తుంది, ఆ నీళ్లే మంచి పళ్లకి బూజు బీజాలు అంటిస్తాయి. మంచివీ చెడ్డవీ ఒకే గిన్నెలో నానబెడితే ఇంట్లోనూ అంతే. ఏరాకే కడగాలి.

మరిగిస్తే పోతుందనుకోకండి. పుల్లటి జ్యూస్‌లో ప్యాట్యులిన్ వేడిని బాగానే తట్టుకుంటుంది. ఆపిల్ జ్యూస్‌లో ఇది కిలోకి 50 మైక్రోగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. ఇంట్లో దాన్ని కొలవలేం కాబట్టి బూజు పట్టిన పండుని జ్యూస్‌కి వాడొద్దు, ముఖ్యంగా పిల్లలకి. గట్టి ఆపిల్ మీద చిన్న మచ్చ ఉంటే చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు తీసేసి పెద్దవాళ్లు తినొచ్చు. స్ట్రాబెర్రీ, ద్రాక్ష లాంటి మెత్తటి పళ్లకైతే బూజు పట్టినవి పారేయడమే.

సబ్బు, బ్లీచ్ వద్దు. తినే ముందు ధారగా పడే నీళ్లలో చేత్తో రుద్ది కడిగి, తుడిస్తే చాలు. ముందే కడిగి తడిగా దాస్తే బూజుకి మనమే చోటిచ్చినట్టు. ఇంకో మాట, జ్యూస్ తీసేముందు ప్రతి ఆపిల్‌నీ సగానికి కోసి గింజల దగ్గర చూడండి. పైకి నిగనిగలాడే పండు కూడా అక్కడ కుళ్లి ఉండొచ్చు.