పునాదుల కింద రోమన్ సమాధులు

ప్రశ్న: ఐరోపా నగరాల్లో భవనాలకు పునాదులు తవ్వుతుంటే రోమన్ల సమాధులు బయటపడ్డాయని తరచూ చదువుతుంటాం. శ్మశానాలు నగరం నడుమ ఎందుకు ఉన్నాయి? మన దగ్గర అటువంటిది దొరికితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ సమాధులు కట్టిన నాటికి అవి ఊరి వెలుపలే ఉన్నాయి. క్రీ.పూ. 5వ శతాబ్దం నడుమ వెలువడిన పన్నెండు ఫలకాల శాసనం నగరం లోపల శవాన్ని పూడ్చడాన్నీ, దహనం చేయడాన్నీ కూడా నిషేధించింది. అందువల్ల రోమన్లు పొలిమేర దాటిన తరువాత బాటలకు ఇరువైపులా సమాధులు కట్టుకున్నారు. రోమ్ నుంచి దక్షిణానికి సాగే అప్పియా బాట పక్కన అవి నేటికీ కనిపిస్తాయి. నగరాలు విస్తరించిన కొద్దీ ఆ పొలిమేరలు వీధులయ్యాయి. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ మార్కెట్ వద్ద 1999లో రాతిపెట్టె లోపల సీసపు పేటికలో ఉన్న 4వ శతాబ్దపు యువతి అస్థిపంజరం బయటపడింది. ఆ చోటు కూడా రోమన్ల కాలపు నగరపు గోడకు అవతలిదే.

అన్నిటిలోకీ విశేషమైనది 1889 మే నెలలో రోమ్‌లో జరిగింది. టైబర్ నది ఒడ్డున న్యాయస్థాన భవనానికి పునాది తీస్తుండగా 2వ శతాబ్దానికి చెందిన పాలరాతి శవపేటికలు దొరికాయి. వాటిలో క్రెపెరేయా ట్రిఫేనా అనే యువతిది తెరిచేసరికి లోపల నీరు నిండి ఉంది. కపాలం చుట్టూ అల్లుకున్న నీటిమొక్కలు చూసినవారికి నల్లని జుట్టులా తోచి, కొంతసేపు అందరినీ దిగ్భ్రాంతికి గురిచేశాయి. ఆమె పక్కన బంగారు నగలతో పాటు కీళ్లు కదిలే దంతపు బొమ్మ ఉంది. రోమన్ బాలికలు పెళ్లికి ముందు తమ బొమ్మలను దేవతకు సమర్పించేవారు గనుక, ఆమె వివాహం కాకుండానే మరణించి ఉంటుందని పండితులు ఊహించారు. ఆ బొమ్మ ఏ పాతవస్తువుల అంగడిలోనో విడిగా దొరికి ఉంటే ఈ ఊహకు తావే ఉండేది కాదు.

మన నేలలో రోమన్ సమాధి దొరుకుతుందని ఆశించనవసరం లేదు. అయితే వినుకొండలో రోమన్ బంగారు నాణేలు, నాగార్జునకొండలో ఇనుపయుగపు సమాధులు దొరికాయి కాబట్టి మీ ప్రశ్న రెండవ భాగాన్ని తేలికగా తీసుకోలేం. ముందుగా తవ్వకం ఆపించాలి. ఎముకలను, కుండలను, పూసలను ఎత్తడం గాని, కడగడం గాని చేయకుండా, ఏది ఏ లోతున, దేని పక్కన ఉందో తెలిసేలా ఉన్నచోటనే ఫొటోలు తీసుకోవాలి. మేస్త్రీకి, జేసీబీ నడిపేవారికి ఈ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది, ఎందుకంటే తొలి దెబ్బ వారి చేతిలోనే పడుతుంది. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి దొరికిన వస్తువుల విలువ 10 రూపాయలు మించితే జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ మొత్తం ఏ కాలంలో నిర్ణయించినదో గమనిస్తే, విలువ తక్కువని వదిలేయదగినది దాదాపు ఏదీ ఉండదు.