వాననీటి గుంతకు బిర్చ్ వద్దు, ఏరుమద్ది పెట్టండి

అమలాపురంలో డాబా మీంచి దిగే వాననీరు ఇంకేందుకు పెరట్లో గుంత తీసి, అమెరికాలో చూసినట్టు బిర్చ్ చెట్టు పెట్టొచ్చా అని అడిగారు. వద్దండీ. అది చలి ప్రాంతపు చెట్టు. మన దేశంలో దాని జాతిదే అయిన భూర్జం హిమాలయాల ఎత్తుల్లో పెరుగుతుంది, కోనసీమ ఎండకు నిలవదు. నీటి ఒడ్డున బతికే చెట్టు, పెచ్చులుగా ఊడే నున్నటి బెరడు కావాలంటే మనకు ఏరుమద్ది ఉంది. కడియం నర్సరీల్లో తెల్లమద్ది అని అడగండి, నల్లమద్ది వేరే చెట్టు. ఇది 20 మీటర్లు దాటే చెట్టు, గోడకూ సెప్టిక్ ట్యాంకుకూ 25 అడుగుల ఎడం ఉండాలి. నేల చవుడైతే కానుగ మేలు.

తవ్వే ముందు నీరు ఇంకుతుందో లేదో చూడాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక నల్లమట్టి నెర్రెలిచ్చి, పోసిన నీళ్లన్నీ మింగేస్తుంది. ఆగస్టులో కాలువ పారుతూ చుట్టూ చేలు తడిగా ఉన్నప్పుడు అదే గొయ్యి ఊటబావిలా నిండుతుంది. అందుకని ఆగస్టు, సెప్టెంబరుల్లోనే చూడండి. అడుగున్నర గొయ్యి నిండా నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ నింపండి. ఈసారి 24 గంటల్లో అరడుగు దిగితే చాలు. అడుగునుంచి నీరు ఊరుతుంటే గుంత ఆలోచన మానేసి, అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ పోసి మొక్క దానిమీద పెట్టండి.

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 2,300 లీటర్లు. 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, అరడుగు లోతున నీరు నిలిచే గుంతలో 2,100 లీటర్లు పడతాయి. లోతు పెంచితే సరిపోతుందనుకోవద్దు, ఊట నీటికి దగ్గరవుతారంతే. తుపాను వానకు ఎలాగూ చాలదు కాబట్టి ఒక అంచు రెండంగుళాలు తగ్గించి మురుగు బోదెలోకి దారి పెట్టండి. పైపు మూతి కింద రాళ్లు పరవాలి.

మొక్కను గుంత నడుమ మాత్రం పెట్టకండి. అంచు వాలు మీద, మొదలు గుంత నిండినప్పటి నీటి మట్టానికి పైన ఉండాలి. పెద్ద చెట్టు ముంపును ఓర్చుకుంటుంది. లేత మొక్కకు వేళ్లకు గాలాడక ఆకులు పసుపెక్కి వాడతాయి. వాడిందని మళ్లీ నీళ్లు పోస్తారు, దాంతో చచ్చిపోతుంది.

ఇంకుడు చూసుకున్నాక వచ్చే జులైలో, రెండడుగుల గోతిలో నాటండి. తడిమట్టిలో పార నునుపు చేసిన గోడలను గునపంతో గీరాలి, లేదంటే వేళ్లు కుండలో ఉన్నట్టు లోపలే చుట్టుకుంటాయి. తీసిన మట్టిలో నాలుగో వంతు మాగిన పశువుల ఎరువు కలపండి. ఇసుక వద్దు, నల్లమట్టిలో కాస్త ఇసుక కలిస్తే ఇటుకలా బిగుస్తుంది. తుపానుల రోజులకు వెదురు కర్ర పాతి కొబ్బరి తాడుతో వదులుగా కట్టండి.

మొదటి రెండు వేసవులు వారానికి రెండు బిందెలు పోయాలి. నెర్రెలు వేళ్లను తెంపకుండా మొదలు చుట్టూ, కాండానికి తగలకుండా కొబ్బరి డొక్కలు పరచండి. బోర్లా పరచాలి సుమండీ, వెల్లకిలా ఉంటే ప్రతి డొక్కలోనూ నీరు నిలిచి దోమలు పెరుగుతాయి.