జోర్డాన్ కార్డులో అమ్మాయి చదువు సొమ్ము పెట్టవచ్చునా?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ప్లేనోలో ఉంటున్నాము. అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. దాని కాలేజీ చదువుకని దాచిన 45,000 డాలర్లు బ్యాంకు పొదుపు ఖాతాలో ఉన్నాయి. నాతో పనిచేసే మిత్రుడు బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ బొమ్మతో 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన సేకరణ కార్డును, పీఎస్‌ఏ (కార్డుల స్థితిని పరీక్షించి గ్రేడు వేసే సంస్థ) 9 గ్రేడు ఇచ్చినదాన్ని, వేలంలో కొనమంటున్నాడు. గ్రేడు చేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసినది కాబట్టి బంగారంలాగే భద్రమని ఆయన మాట. విజయవాడ హాస్టల్లో నా మంచం పక్క గోడ మీద జోర్డాన్ బొమ్మ ఉండేది, మనసు లాగుతున్నది. కొనవచ్చునా?

జవాబు: అమ్మాయి చదువు సొమ్ముతో ఆ కార్డు కొనవద్దు. మీ ఇష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు; ఆ కార్డును మీరు ఎప్పటికైనా సొంతం చేసుకోవాలనే నేనూ కోరుకుంటున్నాను. కాని అది ఏ డబ్బుతో, ఏ గ్రేడులో, ఏమేమి చూసుకుని అన్నది వేరే లెక్క.

మీ మిత్రుడి మాటలో నేను ఒప్పుకోలేనిది బంగారంతో పోలిక. 916 ముద్ర ఉన్న నగను కరిగించి చూసినా లెక్క మారదు. కార్డు గ్రేడు అటువంటిది కాదు. శిక్షణ పొందిన మనిషి దీపం కింద ఆ కార్డును పరీక్షించి, 1 నుంచి 10 వరకు ఉన్న కొలమానంలో దాని స్థితిపై చెప్పిన అభిప్రాయం అది. పెట్టె పగలగొట్టి అదే కార్డును మళ్ళీ పంపితే 8 కాస్తా 9 కావడం, 9 కాస్తా 8 కావడం ఈ వ్యాపారంలో ఉన్నవారందరూ ఎరిగినదే. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెలలో వేసిన కార్డులలో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు అత్యంత ప్రసిద్ధమైనది. హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్జ్కీ భాగస్వామితో కలిసి 1991లో కొన్న వాగ్నర్ కార్డే పీఎస్‌ఏ గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డు. దానికి 8 ఇచ్చారు. దాని అంచులను తానే కత్తిరించానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో, తనపై నడిచిన మోసం కేసులో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకు మామూలుగా అంకె గ్రేడే ఇవ్వరు.

గ్రేడు సరైనదే అయినా ధర నిలకడగా ఉంటుందన్న హామీ లేదు. పీఎస్‌ఏ 10 గ్రేడు పొందిన ఈ 1986 జోర్డాన్ కార్డులు ప్రపంచం మొత్తం మీద మూడు వందల పైచిలుకే. 2021 జనవరిలో వాటిలో ఒకటి 7,38,000 డాలర్లు పలికింది. ఆ సంవత్సరం గడవకముందే అదే గ్రేడు కార్డు ఆ ధరలో మూడో వంతుకు దిగింది. ఆ కొద్ది నెలల్లో కార్డులకు ఏమీ కాలేదు. లాక్‌డౌన్ రోజుల్లో ఎగబడి కొన్నవారు వెనక్కి తగ్గారు, అంతే. మీ అమ్మాయి ఫీజు కట్టవలసిన ఏడాది అటువంటి ఏడాది అయితే ఆ గడువును మీరు వాయిదా వేయలేరు.

ఖర్చుల లెక్క కూడా చూడండి. ఉదాహరణకు వేలంపాట 15,000 డాలర్ల దగ్గర ఆగిందనుకుందాము. కొన్నవారి నుంచి వేలం సంస్థ తీసుకునే రుసుము 20 శాతం అనుకుంటే 3,000. ఆ 18,000 మీద మీ ఊరి అమ్మకం పన్ను 8.25 శాతం, అంటే 1,485. మీ చేతి నుంచి వెళ్ళేది 19,485. మరునాడే అదే పాటకు అమ్మితే మీకు తిరిగి వచ్చేది మహా అయితే 15,000. పెట్టినది పెట్టినట్టు రావడానికే ధర సుమారు 30 శాతం పెరగాలి. ఏడాదికి మించి ఉంచుకుని అమ్మినా సేకరణ వస్తువుల లాభంపై ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం వరకు ఉంటుంది. షేర్లకు ఆ గరిష్ఠం 20 శాతమే. చదువు సొమ్మును 529 ఖాతాలో (చదువు ఖర్చుల కోసం ఉన్న పన్ను రాయితీ పొదుపు ఖాతా), పిల్లల వయసు పెరిగే కొద్దీ రిస్కు తగ్గించే పథకంలో పెట్టండి. చదువు ఖర్చులకు వాడినంత వరకు దాని రాబడిపై ఫెడరల్ పన్ను ఉండదు.

ఇక కార్డు సంగతి. మీ బోనస్‌లో నుంచి, పోయినా ఇంటి లెక్క తప్పనంత సొమ్ము తీసి, 6 లేదా 7 గ్రేడులో మంచి ప్రతిని వెతకండి. మంచి ప్రతి అనడంలోనే అసలు విషయమున్నది. నా ఖాతాదారు ఒకరు ఒకసారి ఇవే జోర్డాన్ కార్డులు రెండు తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి 8, ఒకటి 7. ఎనిమిదిలో బొమ్మ ఎడమకు జరిగి ఉన్నది. ఏడులో బొమ్మ చక్కగా నడిమధ్యన ఉండి, రంగులు నిండుగా ఉన్నాయి; దీపం కింద వాల్చి చూస్తే తప్ప కనిపించని మెత్తదనం ఒక మూలలో ఉన్నది. చూసిన వారందరూ ముందు చేయి చాచింది ఏడుకే, నేను కూడా. అమ్మే రోజున మీ కార్డు కొనేవారికీ ఉండేది ఇటువంటి కళ్ళే.

అందుచేత అంకె చూడకముందు కార్డును చూడండి. సన్నని స్కేలుతో ఎడమ, కుడి అంచులను కొలవండి. ఒకవైపు 3 మిల్లీమీటర్లు, మరొకవైపు 2 ఉంటే అది 60/40, అంటే బొమ్మ నడిమధ్యన లేక ఒక పక్కకు జరిగినట్టు. పైనా కిందా కూడా అలాగే కొలవండి. బొమ్మ చుట్టూ ఉన్న ఎరుపు, నీలం రంగులలో ఎక్కడైనా పెచ్చు లేచి లోపలి తెల్ల అట్ట బయటపడిందేమో భూతద్దంతో వెతకండి. ఈ కార్డుకు ఆ జబ్బు ఎక్కువ. తర్వాత దీపాన్ని పక్కకు పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేటట్లు కార్డును మెల్లగా తిప్పండి. గీతలు, సన్నని ముడతలు అప్పుడే బయటపడతాయి. వెనుకవైపు చూడటం మరచిపోవద్దు.

ఈ కార్డుకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి, పెట్టెలకు కూడా నకిలీలున్నాయి. పెట్టె మీది నంబరును పీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో సరిచూడండి. నంబరు అసలుదే అయినా పెట్టె వేరేది కావచ్చు గనుక, అక్కడ ఫోటో ఉంటే మచ్చ మచ్చకూ పోల్చండి. అతుకుల వెంట తెల్లగా నలిగిన గుర్తులు కనిపిస్తే ఆ బేరం వదిలేయండి. కొన్నాక బ్యాంకు లాకరులో ఉంచండి. టెక్సస్ ఎండలకు అటక పనికిరాదు. మామూలు ఇంటి బీమా ఇటువంటి వస్తువుకు పూర్తి విలువ ఇవ్వకపోవచ్చు కాబట్టి, మీ బీమా ఏజెంటుతో మాట్లాడి దానికి విడిగా పాలసీ తీసుకున్నాకే డబ్బు కట్టండి.