ఈఎస్‌సీ ఆపేస్తేనే డ్రైవింగ్ వస్తుందా?

ప్రశ్న: ఈ మధ్యే 2008 కార్వెట్ (షెవ్రొలే స్పోర్ట్స్ కారు) ఒకటి కొన్నాను. కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ (ఈఎస్‌సీ) ఆన్‌లో ఉన్నంతకాలం నీకు డ్రైవింగ్ రాదు, ఆపెయ్ అంటున్నాడు మా బావమరిది. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సాస్

జవాబు: సగం నిజం. స్టీరింగ్ మీరు ఎటు తిప్పారు, కారు అసలు ఎటు తిరుగుతోంది అని ఈఎస్‌సీ క్షణక్షణం పోల్చి చూస్తుంటుంది, తేడా వస్తే ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేక్ వేసి, అవసరమైతే ఇంజిన్ పవర్ కూడా తగ్గించి కారును దారిలో పెడుతుంది. అంటే మలుపులో తొందరపడి యాక్సిలరేటర్ తొక్కింది మీరు, సర్దింది అది, మీకేమో "అబ్బో, భలే తిప్పాను" అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. తప్పు చేసినట్టే తెలియకపోతే దిద్దుకునేదెప్పుడు?

అలాగని రోడ్డు మీద మాత్రం ఆపకండి. మనకున్నది ఒక్కటే బ్రేక్ పెడల్, నాలుగు చక్రాలకు విడివిడిగా బ్రేక్ వేయడం ఎంత పెద్ద రేసర్‌కైనా కాని పని. అమెరికాలో 2012 మోడల్ కార్ల నుంచి దీన్ని తప్పనిసరి చేసింది ఊరికే కాదు.

సరదా తీరాలంటే ట్రాక్ డేకి (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) వెళ్లండి, మీ ఊళ్లోనే సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ రేస్ ట్రాక్ ఉందిగా. మొదట అన్నీ ఆన్‌లోనే ఉంచి, ఈఎస్‌సీ కల్పించుకున్నప్పుడు డాష్‌బోర్డులో కనిపించే హెచ్చరిక ఎన్నిసార్లు వస్తోందో చూసుకోండి (అదే మీ మార్కుల లిస్టు). అది బాగా తగ్గాక, ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని, ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు జారి గిర్రున తిరగకుండా ఆపేది) ఒక్కటే తీసేసి, ఈఎస్‌సీని ఉంచే కాంపిటీటివ్ మోడ్‌కు మారండి. పక్క సీట్లో బావమరిది మాత్రం వద్దు!