రుణాల సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ నియమాలు: ఫైలు ఎక్కడ ఇరుక్కుంటుంది, ముందు ఏది సరిచేయాలి

మహబూబ్‌నగర్‌లోని మీ శాఖకు కొత్తగా రుణాల సాఫ్ట్‌వేర్ వచ్చిందని, వానాకాలం పంట రుణాల రద్దీ మొదలయ్యేలోపు ఫైళ్లు వాటంతట అవే ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు కదిలేలా నియమాలు పెట్టుకోవాలనుకున్నారని, పెట్టిన నాలుగింటిలో రెండు నియమాలు ఒకే ఫైలును అటూ ఇటూ తిప్పుతున్నాయని రాశారు. నల్లగొండ జిల్లాలో ఒక బ్యాంకు శాఖలో ఈ పని నా మీద పడింది కాబట్టి, నేను చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

ముందుగా మీ ఫైలు ఎందుకు తిరుగుతోందో చూద్దాం. మా దగ్గర ‘పట్టాదారు పాస్ పుస్తకం పరిశీలన కాకపోతే ఫీల్డు ఆఫీసరుకు పంపు’ అని ఒక నియమం, ‘పత్రాలన్నీ అప్‌లోడ్ అయితే మేనేజరుకు పంపు’ అని ఇంకొకటి ఉండేవి. పత్రాలు అప్‌లోడ్ అయి పరిశీలన మాత్రం మిగిలిన ఫైలుకు రెండు షరతులూ వర్తిస్తాయి. పైగా రెండు నియమాలూ ‘ఫైలు సేవ్ అయిన ప్రతిసారీ’ నడిచేలా పెట్టాను. ఒక నియమం ఫైలును కదిలించడం కూడా సాఫ్ట్‌వేర్ లెక్కలో సేవ్ చేయడమే కనుక అది రెండో నియమాన్ని లేపేది, రెండోది మళ్లీ మొదటిదాన్ని లేపేది. కదిలిన ప్రతిసారీ రైతుకు మెసేజ్ వెళ్లే ఏర్పాటు కూడా ఉండటంతో, పొద్దున్నే ఒక పెద్దాయన ఫోన్ పట్టుకుని శాఖకు వచ్చి, తన అప్పు ఎన్నిసార్లు వాపసు పంపారని అడిగాడు. దానికి మందు ఏమిటంటే, నియమాన్ని సేవ్‌కు కాకుండా ఫలానా గడి మారినప్పుడే నడిచేలా కట్టడం, ‘పత్రాలన్నీ వచ్చి, పరిశీలన కూడా పూర్తయితే’ అని రెండో షరతును బిగించడం, మెసేజ్‌ను ఒక్కో దశకు ఒక్కసారికే పరిమితం చేయడం.

ఇది సులువుగా దొరికే తప్పు, ఎందుకంటే ఫైలు తిరగడం కంటికి కనిపిస్తుంది. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి కంటికి కనిపించనివి. నియమం ఏ గడిని చూసి నిర్ణయిస్తుందో ఆ గడిలో ఉన్నది మనం అనుకున్న విలువేనా అన్నది ఎవరూ అడగరు. మన పాస్ పుస్తకాల్లో 2.30 అని ఉంటే అది రెండెకరాల ముప్పై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి దశాంశాల్లో అది 2.75 ఎకరాలు. సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని 2.30గానే తీసుకుని పంటకు ఎకరాకు నిర్ణయించిన రుణ పరిమితితో గుణిస్తుంది, అంటే ఆ రైతు లెక్కలో పద్దెనిమిది గుంటలు మాయమవుతాయి. కూడికలో ఇంకా వింతగా ఉంటుంది: 1.30, 1.20 ఉన్న రెండు సర్వే నంబర్లను కలిపి 2.50 అని చూపిస్తుంది, నిజానికి అది మూడెకరాల పది గుంటలు. గుంటల అంకెను వందో వంతుగా చదవడం వల్ల తేడా ఎప్పుడూ తక్కువ వైపే పోతుంది, రైతుకే నష్టం. తక్కువ అర్హత చూపించిందని ఏ తనిఖీ అధికారీ ప్రశ్నించడు కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి బతకగలదు. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి విడిగా పెట్టించండి. గుంటల గడిలో నలభై గానీ అంతకు మించి గానీ పడితే ఫైలు ముందుకు కదలకూడదని మీ మొట్టమొదటి నియమం రాయండి.

ఖాళీ గడి కూడా ఇలాంటిదే. పూచీకత్తు లేకుండా ఇవ్వగల వ్యవసాయ రుణ పరిమితిని రుణ మొత్తం మించకపోతే తనఖా దశను దాటించమని నియమం పెడితే, మొత్తం రాయని ఫైలును కొన్ని సాఫ్ట్‌వేర్‌లు సున్నాగా లెక్కించి హాయిగా దాటించేస్తాయి. ఆ పరిమితి అంకెను నియమం లోపల రాయకండి. రిజర్వ్ బ్యాంకు దాన్ని 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెంచి 2025 జనవరి 1 నుంచి అమలు చేయమన్నప్పుడు, నేను పాత అంకెను ఎన్ని నియమాల్లో రాశానో నాకే గుర్తు లేదు. అన్నీ మార్చాననుకున్నాను, ఒకటి మిగిలిపోయి అర్హులైన రైతులను తనఖా కాగితాలు తెమ్మంటూనే ఉంది. ఇలాంటి అంకెలన్నిటినీ ఒక పట్టికలో పెట్టి, నియమాలు అక్కడి నుంచి చదివేలా చేస్తే మార్పు ఒక్కచోటే ఉంటుంది.

మీ జిల్లాకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త అవసరం. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు, 2019లో నారాయణపేట విడివడ్డాయి, కానీ పాత దస్తావేజుల్లో ఇప్పటికీ మహబూబ్‌నగర్ అనే ఉంటుంది. జిల్లా పేరును చూసి ఫైలును శాఖకు పంపే నియమం పెడితే వనపర్తి రైతు కాగితాలు మీ టేబుల్ మీదికి వస్తాయి. గ్రామాన్ని జాబితాలోంచి ఎంచుకునేలా చేసి, దాన్ని బట్టి పంపడం మేలు.

గడువు నియమాల్లో, అంటే ఇన్ని రోజుల్లో ఫైలు కదలకపోతే పై ఆఫీసుకు తెలియజేసే వాటిలో, సెలవుల పట్టికను కలపడం మరచిపోవద్దు. మేము మరచిపోయి దసరా సెలవుల్లో పై ఆఫీసుకు వరసగా ఫిర్యాదు మెసేజ్‌లు పంపించాం.

తిరస్కరణను మాత్రం నియమానికి అప్పగించకండి, ఈ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాస్ పుస్తకంలో పొడి అక్షరమే ఉన్న మనిషిని సాఫ్ట్‌వేర్ ఇద్దరు మనుషులనుకుంటుంది; ఊరు తెలిసిన ఫీల్డు ఆఫీసరుకు అది నిమిషం పని. పేర్లు కలవకపోతే ఫైలు ఆయన దగ్గర ఆగాలి, అంతే. ఆయన సెలవులో ఉంటే ఎవరు చూడాలో కూడా ఆ నియమంలోనే రాసి ఉండాలి.

నియమాలను అమలులోకి తెచ్చే ముందు, గత యాసంగిలో మంజూరైనవీ, వాపసు పోయినవీ కలిపి కొన్ని పాత ఫైళ్లను తీసుకుని పరీక్షించండి. సాఫ్ట్‌వేర్‌లో పరీక్షకు వేరే చోటు లేకపోతే, నియమం ఫైలును కదిలించకుండా ‘మేనేజరుకు పంపేదాన్ని’ అన్న గమనిక మాత్రమే రాసేలా రెండు వారాలు నడిపి, ఆ గమనికను మేనేజరు నిజంగా చేసిన పనితో పోల్చి చూడండి. నియమం రాసిన వ్యక్తే దాన్ని ఆన్ చేయకూడదు. రెండో మనిషి చదివి ఒప్పుకున్న తేదీ, కారణం అక్కడే నమోదు కావాలి. ముందుగా పత్రాల పరిశీలనకు, ఫైలు కదలికకు సంబంధించిన నియమాలు పెట్టుకుని వానాకాలం గడపండి, మంజూరుకు సంబంధించినవి యాసంగి నాటికి చూడవచ్చు.